శుభం కార్డు పడ్డాక

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళం కూర్చుని ఒకే సినిమా చూశాం. మా అత్తయ్యగారు, మా అమ్మాయి, మా పనిమనిషి, నేను. మావారూ ఉన్నారు గాని, పావుగంట తిరక్కుండానే పడక్కుర్చీలో గుర్రు మొదలుపెట్టారు కనుక ఆయన్ని ప్రేక్షకుల లెక్కలో వెయ్యటంలేదు.

సినిమా కొత్తదేమీ కాదు. జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట'. 1987లో వచ్చింది. అంటే మా అమ్మాయికంటే పదిహేనేళ్ళు పెద్దది. డి. రామానాయుడుగారు నిర్మాత. పెద్ద పెద్ద సెట్టింగులూ, హంగులూ, ఆర్భాటాలూ లేకుండా చిన్న ఖర్చుతో తీసిన సినిమా. ఖర్చు చూస్తే తక్కువేగాని, నవ్వు మాత్రం ఇన్నేళ్ళయినా తరగలేదు.

కథ మీకందరికీ తెలిసిందే. బాగా కలిగినవాళ్ళ అబ్బాయి రాజేంద్రప్రసాద్. లక్ష్మీపతి అనే పరమ పిసినారి కూతురు రజని. ఆ పిల్లని ఇతను ప్రేమిస్తాడు. లక్ష్మీపతి వేషం కోట శ్రీనివాసరావుగారిది. డబ్బు లేక కాదు ఆ లక్ష్మీపతి అవస్థ, ఉన్న డబ్బుని కదిలించటానికి మనసొప్పక. అటువంటి మామగార్ని మెప్పించటానికి కుర్రాడు తన కలిమంతా దాచేసి, లక్ష్మీపతినే తలదన్నే పిసినారిగా నటిస్తాడు. ఇక్కడ పైసా విదిలించనివాడు ఒకడు, అక్కడ పైసా విదిలించనట్టు నటించేవాడు ఒకడు. ఇద్దరి మధ్యా బ్రహ్మానందంగారి అరగుండు.

లక్ష్మీపతి కోడిని తాడుకి కట్టి ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ ఒట్టి అన్నం కోడికూరతో తింటున్నట్టు తింటాడే, ఆ ఘట్టం రాగానే మా అత్తయ్యగారికి నవ్వు ఆగలేదు. కళ్ళజోడు తీసి పైటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ నవ్వారు. జంధ్యాలగారు 2001లోనే వెళ్ళిపోయారు, కోటగారు 2025లో వెళ్ళిపోయారు గాని, ఆ కోడి మాత్రం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఇంత నవ్వేమిటి నాన్నమ్మా, ఇప్పటికి యాభైసార్లు చూసుంటావు!" అంది మా అమ్మాయి.

"నవ్వక ఏం చెయ్యనే? నేనూ అలాగే తిన్నాను కదా!" అన్నారావిడ.

మేం తెల్లబోయాం. ఆవిడ తాపీగా చెప్పుకొచ్చారు. "మీ తాతయ్య ఆదివారం ఆదివారం కోడి తెచ్చేవారు. పన్నెండుమంది ఇంట్లో. మామగారికి, మరుదులకి, పిల్లలకి వడ్డించి, వచ్చిన చుట్టాలకి పెట్టి, చివరికి మా తోటికోడలూ నేనూ కూచునేసరికి గిన్నెలో అడుగున పులుసు తప్ప ఏముండేది? గిన్నె దగ్గిర పెట్టుకుని, ఆ వాసన చూస్తూ అన్నం తినేవాళ్ళం. ఆయనెవరో తాడుకి కట్టాడు గనక అందరూ నవ్వుతున్నారు. మేం కట్టలేదు, అంతే తేడా!"

మా అమ్మాయి నవ్వటం మానేసింది. అత్తయ్యగారు మాత్రం మళ్ళీ నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ నవ్వులో ఏడుపు లేదు, నిష్ఠూరమూ లేదు. ఏనాటిదో పాత చీర పెట్లోంచి బయటికొస్తే గుర్తుపట్టినట్టు నవ్వారు.

ఇక మా పనిమనిషి. కోడి దగ్గిర ఆవిడకి పెద్దగా నవ్వు రాలేదు. అరగుండు లక్ష్మీపతిని తిట్టుకుంటూ ఉంటే మాత్రం పగలబడి నవ్వింది. పెట్టీపెట్టకుండా చాకిరీ చేయించుకునే యజమానిని మనసారా తిట్టుకునే నౌకరుని చూస్తే ఆవిడకి నవ్వు రావటంలో ఆశ్చర్యమేముంది? మధ్యలో నావంక ఓసారి ఓరగా చూసిందని నా అనుమానం. పోనీండి, ఆ సంగతి ఇప్పుడెందుకు!

సినిమా అయ్యాక ఆవిడ కాఫీ గ్లాసులు తీస్తూ ఒక మాటంది. "డబ్బున్నోడు లేనోడిలాగా ఎన్నాళ్ళయినా నటించొచ్చమ్మగారూ. ఎప్పుడు ఇసుగొస్తే అప్పుడు మానేసి కారెక్కి ఎల్లిపోవచ్చు. లేనోడు ఉన్నోడిలాగా నటిస్తేనే చచ్చే చావు."

ఎం.ఏ. చదివి, నవలలు రాసి, నేను పట్టుకోలేకపోయిన సంగతి ఆవిడ గ్లాసులు తీస్తూ తేల్చేసింది.

మా అమ్మాయి గొడవ మరోరకం. "అయినా అమ్మా, ఆ హీరో చేసింది మాత్రం ఏం మంచిపని? రోజూ ఓ మనిషి ఎదుట నిలబడి నాటకమాడటమేగా! ఆయన పిసినారి అయితే మాత్రం మనిషి కాడా? మనమెందుకు హీరో పక్షాన ఉన్నాం?"

ఈ ప్రశ్న నన్ను నాలుగురోజులుగా వదలటంలేదు. అబద్ధమాడినవాడికి మనం చప్పట్లు కొట్టాం. పెళ్ళి కోసమైతే అబద్ధమాడొచ్చా? ఆడొచ్చు అంటే, ఎంతవరకు? చూడటానికిది పిల్లకాయల ప్రశ్నలాగే ఉంది. కాని నాకు తెలిసి ఒక జీవితమంతా ఈ ప్రశ్న మీదే నడిచింది. అది మా పిన్నిది.

ఈ సినిమా నేను మొదటిసారి చూసింది మా పిన్నితోనే. 1988 సంక్రాంతి సెలవులు. అప్పటికి నాకు పదేళ్ళు. గోదావరి జిల్లాలో మా అమ్మమ్మగారిది చిన్న ఊరు. ఆ ఊరికో సినిమాహాలు. నేల, బెంచీ, కుర్చీ. ఆడవాళ్ళకి వేరే వైపు. ఇంటెడు ఆడవాళ్ళూ పనులు తెముల్చుకుని, చంకపిల్లల్నీ, కాగితం పొట్లాల్లో జంతికల్నీ పట్టుకుని రెండో ఆటకి బయల్దేరాం.

ఆ హాల్లో ఎంత గోల! లక్ష్మీపతి కనిపించినప్పుడల్లా మా వెనక వరసలో ఒకావిడ "అచ్చం మా మామగారే!" అంటుంది. పక్కావిడ "మీ మామగారు నయం, మా బావగారిని చూడాల్సింది" అంటుంది. ఇంకో మూల నుంచి "మా ఇంట్లో ఉన్నాయన ఈయనకి గురువు" అని వినిపిస్తుంది. అతను న్యూస్ పేపరు చుట్టుకుని ప్రత్యక్షమైనప్పుడు హాలు హాలంతా ఘొల్లుమంది. ఇంట్లో ఉప్పుకి, పప్పుకి, కాలిచ్చిన చెప్పులకి, పిల్లాడి పుస్తకాలకి చేయిచాచి అడిగి అడిగి అలిసిపోయిన ఆడవాళ్ళు, ఆ చీకట్లో తమ తమ లక్ష్మీపతుల్ని చూసుకుని కడుపుబ్బా నవ్వుకున్నారు. వెలుగులో అలా నవ్వటం కుదరదు కదా!

మా పిన్నీ నవ్వింది. బాగానే నవ్వింది. కాని, ఆ కుర్రాడు లేనివాడి వేషం వేసుకుని వచ్చి లక్ష్మీపతిని బోల్తా కొట్టిస్తూంటే హాలంతా చప్పట్లు కొడుతోంది చూడండి, అక్కడ పిన్ని చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. నేను ఆవిడ పక్కనే కూచున్నాను గనక నాకు తెలుసు. జంతిక విరిచి చేతికిచ్చినా తినలేదు. తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా అందరూ కోడి గురించీ, అరగుండు గురించీ ఒకటే కబుర్లు. పిన్ని నా చెయ్యి పట్టుకుని మాట్లాడకుండా నడిచింది.

"నీకు సినిమా నచ్చలేదా పిన్నీ?" అనడిగాను.

"నచ్చింది తల్లీ. ఆ అబ్బాయికి నిజంగా డబ్బుండబట్టి సరిపోయింది" అంది. పదేళ్ళ పిల్లకి అదేం అర్థమవుతుంది?

అర్థమవటానికి పన్నెండేళ్ళు పట్టింది. 2000లో నా పెళ్ళి కుదిరినప్పుడు, నాకు గోరింటాకు పెడుతూ పిన్ని తన పెళ్ళి సంగతి చెప్పింది.

1974లో పిన్ని పెళ్ళి. మధ్యవర్తి వచ్చి "అబ్బాయికి పదెకరాల మాగాణి, మండువా లోగిలి, ఇంట్లో పాడి" అన్నాడు. మా తాతయ్య వెళ్ళి చూసొచ్చారు. లోగిలి నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. గేదెలు నిజంగానే పాలిస్తున్నాయి. పెద్దింటి సంబంధం అని మురిసిపోయి, తనకున్న నాలుగెకరాల్లో రెండెకరాలమ్మి పెళ్ళి చేశారు. పిన్ని కాపురానికి వెళ్ళిన మూడోరోజు పొద్దున్నే, ఎవరో పెద్దాయన వచ్చి వాకిట్లో నిలబడి "ఇక శుభకార్యం అయిపోయిందిగా, మా పిల్లలు వస్తున్నారు, ఇల్లు ఖాళీ చేసిపెట్టండి" అన్నాడట. లోగిలి వాళ్ళ పెదనాన్నగారిది. గేదెలూ ఆయనవే. మాగాణి పదెకరాల్లో ఆరు షావుకారు దగ్గిర తాకట్టులో ఉన్నాయి, మిగిలిన నాలుగూ ముగ్గురన్నదమ్ములవి.

"పందిరిమంచం కూడా వాళ్ళదేనే, అదే నాకు బాధేసింది" అని పిన్ని నవ్వింది.

అంతటితో అయిపోతే ఇది మామూలు కథే. మోసపోయినవాళ్ళు లోకంలో ఎందరు లేరు? కాని అసలు కథ అక్కడే మొదలైంది. రెండు గదుల పెంకుటింట్లోకి మారాక మా తాతయ్య కూతుర్ని చూడటానికి వస్తున్నానని కార్డు రాశారు. రెండెకరాలమ్మిన మనిషి. ఉన్న సంగతి తెలిస్తే గుండె ఆగిపోతుందేమోనని పిన్ని భయం. లోగిలికి మరమ్మత్తులు చేయిస్తున్నారని చెప్పింది. పక్కింటివాళ్ళని బతిమాలి వెండిగ్లాసు అరువు తెచ్చి ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఆయన వెళ్ళాక గ్లాసు కడిగి తిరిగిచ్చేసింది. అలా ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. నాలుగేళ్ళు. మెళ్ళో గొలుసు తాకట్టు విడిపించటానికి వెళ్ళిపోతే, "తెగిందని అతకటానికిచ్చాను" అంది. గాజులు పోతే, "బిగువయ్యాయని తీశాను" అంది.

"చూడవే, అబద్ధమాడింది వాళ్ళు. మోసపోయింది నేను. ఆ అబద్ధాన్ని మొయ్యాల్సింది మాత్రం నేనే. వాళ్ళు ఒక్కసారి ఆడి ఊరుకున్నారు, నేను రోజూ ఆడాను" అంది పిన్ని, నా అరచేతిలో చుక్క పెడుతూ.

చివరికోసారి పసుపుతాడు తప్ప ఏమీలేని మెడని చూసి తాతయ్యే అడిగారట. "ఇంతకీ వాళ్ళు చెప్పినవాటిల్లో నిజమేదమ్మా?" అని.

"అబ్బాయి మంచివాడన్నారుగా నాన్నా, అదొక్కటీ నిజం" అందిట పిన్ని.

అదీ నిజమే. మా బాబాయి మంచివాడు. పెళ్ళినాడు నోరు విప్పటానికి ధైర్యం చాలని మంచివాడు. ఆ పాపానికి ఆయన చచ్చిపోయేదాకా మామగారి ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడలేకపోయాడు. ఆ అబద్ధం ఆయన్నీ తిన్నది.

ఇప్పుడు చెప్పండి, ఆనాడు హాల్లో పిన్ని చప్పట్లు ఎలా కొడుతుంది?

మనలో ఒక సామెత ఉంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు అని. మా పిన్ని పెళ్ళికి వచ్చిన మధ్యవర్తి కూడా నిజం బయటపడ్డాక తాపీగా ఇదే సామెత చెప్పాడట. కాస్త చదువుకున్నవాళ్ళయితే శుక్రాచార్యుడి దాకా వెళతారు. వామనుడికి దానమివ్వబోయే బలిచక్రవర్తితో ఆయన, ఫలానా ఫలానా సందర్భాల్లో అసత్యమాడినా పాపం లేదంటూ వివాహాన్ని కూడా ఆ పట్టీలో చేర్చాడు కదా, భాగవతంలోనే ఉంది కదా అంటారు. ఉంది, కాదనను. కాని ఆ సలహా విన్న బలి ఏం చేశాడు? ఆడినమాట తప్పనన్నాడు. గురువుగారి సలహా పక్కనబెట్టి దానమిచ్చాడు. మనవాళ్ళు ఆ సలహాని తరతరాలుగా భద్రంగా దాచుకున్నారు. బలి చెప్పిన జవాబుని మాత్రం పెళ్ళిపందిట్లోకి రానివ్వలేదు.

అలాగని అన్ని అబద్ధాలూ ఒకటేనా? మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూంటే, మన తెలుగువాళ్ళని తరాలుగా నవ్విస్తున్న హాస్యాల్లో ఎన్నో పెళ్ళి అబద్ధాలేనని తట్టింది నాకు.

గురజాడవారి 'కన్యాశుల్కం' చూడండి. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. డబ్బు మీది ఆశతో ముక్కుపచ్చలారని సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోతాడు తండ్రి అగ్నిహోత్రావధాన్లు. ఆ పెళ్ళి తప్పించటానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ఆ లుబ్ధుడికే అంటగడతాడు. పచ్చి మోసం. అయినా మనం పడీపడీ నవ్వుతాం.

1957లో వచ్చిన 'మాయాబజార్' చూడండి. పాండవులకి రాజ్యం పోయేసరికి బలరాముడింటివాళ్ళకి అభిమన్యుడు ఆనకుండా పోతాడు. కలిగినింటి సంబంధమని దుర్యోధనుడి కొడుక్కి శశిరేఖనివ్వటానికి సిద్ధపడతారు. అప్పుడు ఘటోత్కచుడు మాయా శశిరేఖ అయి పెళ్ళివారందర్నీ ముప్పుతిప్పలు పెడతాడు. 'అహ నా పెళ్ళంట' అనే మాట ఆ సినిమాలోని పాటదే. జంధ్యాలగారు ముప్ఫయ్యేళ్ళ తరవాత దాన్నే తన సినిమాకి పేరుగా పెట్టుకున్నారు. పేరొక్కటే తెచ్చుకున్నారనుకోను. పెళ్ళిలో డబ్బాశని దొంగవేషంతో దెబ్బతియ్యటమనే వరసని కూడా తెచ్చుకున్నారు.

ఈ మూడింట్లోనూ అబద్ధం ఎవరి నెత్తిన పడింది? ఆశపోతు నెత్తిన. పెళ్ళికూతురి నెత్తిన కాదు. సుబ్బి బతికిపోయింది, శశిరేఖ కోరుకున్నవాణ్ణి చేసుకుంది, లక్ష్మీపతి కూతురు ఆకలింట్లోంచి అన్నమున్న ఇంటికి వెళ్ళింది. వేషం వేసినవాడే వేషం తీసే బాధ్యత కూడా తీసుకున్నాడు. అందుకని మనకి నవ్వొస్తుంది. మా పిన్ని పెళ్ళిలో ఆ లెక్క తిరగబడింది. ఆశపడ్డవాళ్ళు సుఖంగా ఉన్నారు, అబద్ధం వెళ్ళి పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన పడింది. వేషం వేసింది ఒకరు, దాన్ని రోజూ ఉతికి ఆరెయ్యాల్సింది ఇంకొకరు.

నవ్వుతూనే గురజాడవారు ఇంకో సంగతి మరిచిపోలేదు. సుబ్బి పెళ్ళి మాట విన్న తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఎవరో తీస్తారు గనక బతికింది. హాస్యనాటకంలో నుయ్యి ఎందుకు పెట్టారాయన? విశాఖపట్నం ప్రాంతంలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా ఒకటి తయారైతే 1034 లెక్కకొచ్చాయని, అందులో ఏడాది వయసు పిల్లలు కూడా ముగ్గురున్నారని ఆయన పీఠికలో రాశారు. ఏడాది పిల్ల! ఆ సంగతి తెలిసినవాడు గనకనే నవ్విస్తూ నవ్విస్తూ ఓసారి నూతి గట్టు దాకా తీసుకెళ్ళి కిందకి చూపించి తెచ్చాడు.

సినిమాకి ఒక సుఖం ఉంది. మూడుముళ్ళు పడగానే శుభం కార్డు వేసేస్తారు. అబద్ధం అంతటితో ఆఖరు. మన జీవితంలో చాలా అబద్ధాలు సరిగ్గా ఆ కార్డు దగ్గిరే మొదలవుతాయి. పందిట్లో ఆడిన అబద్ధం వంటింట్లోకి వస్తుంది. అప్పుడు చూడటానికి ప్రేక్షకులుండరు, నవ్వటానికి ఎవరూ ఉండరు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. లక్ష్మీపతిని చూసి మనం అంతగా నవ్వటానికి కారణం, అతనికి సిగ్గులేకపోవటం. ఇందులో నాకేమొస్తుంది అన్నది అతని ముఖంమీదే రాసి ఉంటుంది. మన మర్యాదస్తులు అలా అడగరు. 1961 నుంచీ కట్నం ఇవ్వటం, పుచ్చుకోవటం రెండూ చట్టరీత్యా నేరాలే గనక ఆ మాటే ఎత్తరు. "మాకేమీ వద్దండీ. మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీరు పెట్టుకోండి. మా పెద్దబ్బాయికి వాళ్ళు పెట్టింది మాత్రం మీకు తెలుసుగా" అంటారు చిరునవ్వుతో. ఈ రెండు మాటల్లో ఎన్ని సున్నాలున్నాయో ఆడపిల్ల తండ్రికి ఇట్టే తెలిసిపోతుంది. కోడిని వేలాడదీసి తిన్నవాడు నయం. ఈయన కోడిని వేలాడదియ్యడు, ఆడపిల్ల తండ్రినే వేలాడదీసి తింటాడు.

ఇంతా చెప్పి నేనేదో సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్నని అనుకునేరు. నా పెళ్ళిలోనూ ఆడారు అబద్ధాలు. "అమ్మాయికి సంగీతం వచ్చండీ" అన్నారు మా నాన్నగారు. నాకొచ్చినవి ముచ్చటగా రెండు గీతాలు. అత్తవారింట్లో మొదటి వరలక్ష్మీవ్రతానికి ఆ రెండూ పాడాను. రెండో ఏడూ అవే పాడాను. మూడో ఏడు అత్తయ్యగారు హారతిపళ్ళెం పట్టుకుని "ఈసారి మొదటిది వదిలేసి రెండోదే పాడమ్మా, త్వరగా అవుతుంది" అన్నారు. వాళ్ళేం తక్కువ తిన్నారా? "మావాడికి కోపమంటే ఏమిటో తెలియదు" అన్నారు. ఆ తెలియని కోపం ఏమిటో నాకు పెళ్ళయిన పదోరోజునే, పప్పులో ఉప్పు ఎక్కువైనప్పుడు తెలిసింది. అదీ ఇదీ చెల్లుకు చెల్లు. ఈ అబద్ధాలవల్ల ఎవరి పొలమూ పోలేదు, ఎవరి గొలుసూ తాకట్టుకి వెళ్ళలేదు. ఆడినవాళ్ళమే నవ్వులపాలయ్యాం, నవ్వుకున్నాం.

కనక మా అమ్మాయికి నేను చెప్పదల్చుకున్న జవాబు ఇదీ. అబద్ధం పెద్దదా చిన్నదా అని కాదు చూడాల్సింది. ఆ అబద్ధం ఖర్చు ఎవరి పద్దులో పడుతుంది అని చూడాలి. దానితో కాపురం చెయ్యాల్సింది ఎవరు? ఆడినవాడే అయితే నవ్వి ఊరుకోవచ్చు. నోరులేనివాళ్ళయితే అది మహాపాపం, ఎన్ని సామెతలు చెప్పినా సరే.

ఆ మాటకొస్తే పిసినారితనానికీ పొదుపుకీ తేడా తేల్చటానికి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. ఎవరి కంచం ఖాళీగా ఉంది? లక్ష్మీపతి ఎదుటివాడి కంచం ఖాళీ చేశాడు, పిసినారి అన్నాం. మా అత్తయ్యగారు తన కంచమే ఖాళీగా ఉంచుకున్నారు, ఆవిడ్ని ఎవరూ ఏమీ అనలేదు. గుణవంతురాలన్నారు, ఎంత పొందికైన మనిషో అన్నారు. ఆ పొగడ్త మటుకు నిజమా? పన్నెండుమంది తిన్న కోడికూరలో రెండు ముక్కలు ఆ ఇద్దరు కోడళ్ళకి ఉంచాలని ఎవరికీ తోచకపోవటానికి, ఆ ఇంటివాళ్ళు పెట్టుకున్న మంచి పేరది. ఇన్నేళ్ళ తరవాత ఆ ముసలావిడ లక్ష్మీపతిని చూసి నవ్వుతోందంటే ఎవర్ని చూసి నవ్వుతోందో మరి!

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, దానికో కారణం ఉంది.

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. దానికి బ్యాంకులో ఉద్యోగం. "చూడండి, చూస్తే నష్టమేముంది" అన్న ధోరణిలో ఉంది అది. పోయిన వారం దూరపు వరసకి వదినగారొకావిడ ఒక సంబంధం తెచ్చింది. పెద్ద కలిగినవాళ్ళు. రెండు రైసుమిల్లులు. అబ్బాయి చదువుకున్నాడు, బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు. బయోడేటా పంపమంది వదినగారు. పంపమని, గొంతు తగ్గించి "వాళ్ళ స్థాయికి తగ్గట్టు కాస్త చూసి రాయించండి" అంది.

మావారు కూర్చుని రాశారు. సొంత ఇల్లు, మూడు పడగ్గదులు అని రాశారు. ఊళ్ళో పొలం అని రాశారు. అబద్ధమేం కాదు. ఇల్లు మా పేరునే ఉంది. కాకపోతే దానిమీద బ్యాంకు లోను ఇంకా పదకొండేళ్ళు కట్టాలి. పొలమూ ఉంది. కాకపోతే అందులో మా మరిదికి సగం వాటా ఉంది.

"లోను సంగతి రాయలేదేమండీ?" అన్నాను.

"ఎవరు రాస్తారే? అందరూ రాసేదే రాశాను. వాళ్ళడిగితే చెబుదాం" అన్నారాయన.

సాయంత్రం దాకా ఆ కాగితం బల్లమీద అలాగే ఉంది. నేనూ తిరుగుతూ తిరుగుతూ దాన్ని చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశగానే ఉంది. రెండు రైసుమిల్లులు! మా అమ్మాయి ఏ అడుగు పులుసూ తినక్కర్లేని ఇల్లు. రాయకపోతే ఏం పోయింది? ఇది అబద్ధం కూడా కాదే, చెప్పకపోవటమే కదా! అనుకున్నాను. మధ్యవర్తులూ, మర్యాదస్తులూ అనుకునేదంతా నేనూ అనుకున్నాను. నాకూ వాళ్ళకీ అరంగుళం తేడా లేదు.

అంతలో వెండిగ్లాసు గుర్తొచ్చింది. రేపు మేం ఆ ఇంటికి వెళితే, మా అమ్మాయి మాకోసం ఏం అబద్ధమాడాల్సి ఉంటుంది? "మా నాన్నకి రిటైరయ్యాకా లోను కట్టాల్సి ఉంటుంది" అన్న సంగతి ఎవరికీ తెలియకుండా ఎన్నాళ్ళు దాచుకుంటుంది? ఏ పండక్కి పెట్టిపోతల్లో తక్కువైతే ఏమని సర్దిచెబుతుంది? మేం ఒక్కసారి ఊరుకుంటాం. అది రోజూ ఊరుకోవాలి.

కలం తీసి కింద రెండు ముక్కలు చేర్చాను. 'ఇంటిమీద బ్యాంకు లోను ఉన్నది. పొలంలో సగం వాటా మాది.'

మావారు చూసి కాసేపు మాట్లాడలేదు. కోపమంటే తెలియని మనిషి కదా! తరవాత "నీ దస్తూరీ బాగాలేదు, మళ్ళీ రాస్తాను ఇలా ఇవ్వు" అని కళ్ళజోడు పెట్టుకుని, ఆ రెండు ముక్కలతో సహా మొత్తం శుభ్రంగా తిరగరాశారు. మా అమ్మాయి చదివి "పర్వాలేదే, నాన్న కూడా నిజం బాగానే రాస్తారు" అంది.

పోస్టులో వెయ్యలేదు లెండి, ఈ రోజుల్లో అంతా ఫోన్లోనే కదా! పంపి ఆరురోజులైంది. రైసుమిల్లువాళ్ళ దగ్గిర్నుంచి ఇంకా జవాబు రాలేదు. వదినగారు మాత్రం ఫోన్ చేసి "అంత అమాయకంగా ఉంటే ఎలా వదినా? వెయ్యి అబద్ధాలాడైనా..." అని మొదలెట్టింది. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని చెప్పి పెట్టేశాను.

పొయ్యిమీద పాలూ లేవు, ఏమీ లేవు. కాని ఈ అబద్ధం ఖర్చు నాదే గనక, ఫరవాలేదనుకుంటాను. ఏమంటారు?